మందు, మత్తు మాన్పించడం: ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఫోన్‌లో అడిగినా, ఆస్పత్రి వరండాలో పక్కన కూర్చుని అడిగినా కుటుంబాల సందేహాలు దాదాపు ఇవే. అందుకే ఒకచోట రాసిపెట్టాం. మొదటి నుంచి చివరిదాకా చదవక్కర్లేదు. మీకు ఇప్పుడు ఏది అవసరమో అదొక్కటి చూసుకుని వెళ్లిపోవచ్చు. చాలామటుకు తాగే మగవాళ్ల గురించే అడుగుతారు కాబట్టి జవాబులూ అలాగే ఉన్నాయి, ఆడవాళ్లకైనా వైద్యం ఇదే.

## అనుమానం వచ్చినప్పుడు

మా ఆయన రోజూ తాగడు, వారానికి రెండుసార్లే. దీన్ని కూడా వ్యసనం అంటారా?

ఎన్ని రోజులకోసారి అన్నదాన్ని బట్టి డాక్టర్లు తేల్చరు. మొదలుపెడితే ఆపగలుగుతున్నాడా? ఒకప్పుడు క్వార్టర్‌తో సరిపోయేది ఇప్పుడు హాఫ్ అయినా చాలడం లేదా? తాగని రోజు పొద్దున చేతులు వణుకుతున్నాయా, చెమటలు పడుతున్నాయా? లివర్ పాడైందని రిపోర్టు వచ్చాక, ఉద్యోగం పోయాక కూడా తాగుతున్నాడా? రోజంతా ఆలోచన దానిచుట్టూనే తిరుగుతోందా? ఇలాంటివి రెండు మూడు ఏడాది లోపల కలిసి కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. పొద్దున టీ గ్లాసును రెండు చేతులా పట్టుకోవాల్సి వస్తోందంటే, వారానికి ఎన్నిసార్లు తాగుతున్నాడో మీకు పూర్తిగా తెలియదనే అనుకోండి.

అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ముట్టడు. అంటే ఎప్పుడంటే అప్పుడు మానగలడు కదా?

ఈ మాట ప్రతి కార్తీకంలోనూ వింటాం. మాలలో మానగలగడం నిజమే, అది మంచి సంగతి కూడా. కానీ ఆ 41 రోజులూ ఆయన చుట్టూ ఒక కట్టడి ఉంటుంది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం పూజ, పక్కన తోటి స్వాములు, బార్‌లో కూర్చునే స్నేహితులు ‘స్వామీ’ అని పక్కకు జరగడం. మాల తీసిన రోజు ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. ఇరుముడి దింపిన వారంలోనే మునుపటికంటే ఎక్కువ తాగితే, మానగలడు గానీ మాని ఉండలేకపోతున్నాడని అర్థం. వైద్యం కావాల్సింది ఆ రెండోదానికి.

ఇంకో సంగతి. రోజూ బాగా తాగేవాళ్లు మాల వేసుకున్న రోజే ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. మాలకు ముందే డాక్టరును కలిసి, మాత్రలతో ఆపి, ఆ తర్వాత దీక్ష తీసుకోమనండి. దీక్షకు మాత్రలు అడ్డం కావు. గురుస్వామికి ముందుగా చెబితే ఆయనా కాదనరు.

కల్లే కదా తాగేది, అది చెట్టు నుంచి వచ్చేదేగా?

చెట్టు మీద నుంచి దించిన కల్లయినా పులిస్తే మత్తే. అసలు తలనొప్పి కల్తీ కల్లుతో. తెలంగాణ జిల్లాల్లో కల్లులో ఆల్ప్రాజోలామ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపి అమ్మడం ఏళ్లుగా పట్టుబడుతున్న వ్యవహారమే. ఏళ్ల తరబడి అది తాగినవాళ్లకు ఒంట్లో ఆ నిద్రమందు అలవాటైపోయి ఉంటుంది. దుకాణం మూసిన రెండు మూడు రోజులకు పిచ్చిచూపులు, మెడ వంకర్లు పోవడం, ఫిట్స్ మొదలవుతాయి. డాక్టరు దగ్గర ‘మందు తాగుతాడు’ అని ఊరుకోకండి. ‘కల్లు తాగుతాడు, ఫలానా ఊళ్లో’ అని చెప్పండి. ఇచ్చే మాత్ర, దాన్ని తగ్గించే వేగం దీన్ని బట్టి మారతాయి.

మా అబ్బాయి గంజాయి తాగుతున్నాడని అనుమానం. మెడికల్ షాపులో దొరికే కిట్‌తో టెస్ట్ చేయనా?

చాటుగా మాత్రం వద్దు. ఒకట్రెండుసార్లు తాగితే మూత్రంలో మూడు రోజుల వరకు, రోజూ తాగుతుంటే నెలవరకు కూడా పాజిటివ్ రావచ్చు. కాబట్టి పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఎప్పుడు తాగాడో, ఎంత తాగాడో తెలియదు. నెగెటివ్ వస్తే వేరే మత్తు ఏదీ లేదని కూడా కాదు. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చడం లాంటివి ఈ కిట్లలో కనపడవు. టెస్ట్ కంటే ముందు చూడాల్సింది మార్పు. నిద్ర వేళలు తారుమారవడం, మార్కులు పడిపోవడం, పాత స్నేహితులను వదిలేయడం, ఇంట్లో చిన్న వస్తువులు మాయమవడం. ఎవరో తనమీద కుట్ర చేస్తున్నారనో, చెవిలో మాటలు వినిపిస్తున్నాయనో అంటే ఇక ఆలోచించకుండా ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. గంజాయి కొందరు కుర్రాళ్లలో సైకోసిస్‌ను, అంటే ఇలా లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక జబ్బును, రేపుతుంది.

ఊళ్లో సగం మంది తాగుతారు, వాళ్లెవరూ ఆస్పత్రికి పోవడం లేదుగా?

పోవడం లేదన్న మాట నిజం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్య సాయం అందుతోందని అందులో తేలింది. మిగతా 37 మంది బాగున్నారని దాన్నిబట్టి అనుకోలేం.

## ఒప్పించడం

ఆస్పత్రి పేరెత్తితే కొట్టడానికొస్తాడు. ఎలా మాట్లాడాలి?

తాగి ఉన్నప్పుడు మాట్లాడొద్దు. ఆ రాత్రి ఎంత ఏడ్చినా, తిట్టినా పొద్దునకు ఆయనకు గుర్తుండదు, మీకే గొంతు పోతుంది. పొద్దున్నే, కాస్త తేరుకున్నాక, అత్తగారూ బావమరుదులూ చుట్టూ లేనప్పుడు, ఒక్క విషయం ఎత్తండి. ‘నువ్వు తాగుబోతువి’ అనకుండా కళ్లారా చూసింది చెప్పండి. ‘మొన్న పాపను స్కూలు నుంచి తేవడం మర్చిపోయావు, అది ఏడింటిదాకా గేటు దగ్గరే నిలబడింది.’ అక్కడ ఆగండి. ఆయన సిగ్గుపడితే ఇంకో పది నేరాలు తవ్వకండి.

అడిగేది కూడా చిన్నదై ఉండాలి. ‘జీవితాంతం మానేయి’ అంటే ఎవరైనా బెదురుతారు. ‘లివర్ టెస్ట్ చేయించుకుందాం రా’, ‘నిద్ర పట్టడం లేదంటున్నావుగా, ఒకసారి డాక్టరుకు చూపిద్దాం’ అంటే చాలామంది కదులుతారు. డాక్టరు గదిలోకి వెళ్లాక మిగతాది డాక్టరు చూసుకుంటారు. ఒప్పుకున్న రోజున వాయిదా వేయొద్దు. ఎక్కడికి వెళ్లాలో, ఓపీ ఎప్పుడో, ఎవరు తోడు వస్తారో మీరు ముందే సిద్ధంగా పెట్టుకోవాలి. ఆ మనసు సాయంత్రం దాకా నిలవకపోవచ్చు.

ఎంతకీ రానంటే మీరే వెళ్లండి. తాగేవాళ్లు లేకుండా కుటుంబం ఒక్కటే వచ్చినా కౌన్సెలింగ్ ఇస్తారు. ఇంట్లోవాళ్లు మాట్లాడే తీరు మారాక వైద్యానికి ఒప్పుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

తెలియకుండా అన్నంలో కలిపిస్తే మందు మానేస్తారట, ఆ పొడి వాడొచ్చా?

వద్దు. గోడల మీద, బస్టాండుల్లో, ఇప్పుడు ఫోన్లలో కనిపించే ఈ ప్రకటనల మీద జనం పెట్టే ఖర్చు చూస్తే కడుపు మండుతుంది. పొట్లంలో ఏముందో ఎవరికీ తెలియదు.

కొందరు మెడికల్ షాపులో డైసల్ఫిరామ్ మాత్ర అడిగి తెచ్చి సాంబారులో కలుపుతారు. ఇది అసలైన మందే, డాక్టర్లు రాసేదే. కాకపోతే అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్ల ప్రాణం పోవచ్చు. ఆ సంగతి తెలిసిన మనిషి భయపడి తాగకుండా ఉండాలన్నదే ఈ మందు లెక్క. తెలియని మనిషి ఎప్పటిలాగే తాగేస్తాడు. ఆపేశాక కూడా రెండు వారాల వరకు దాని ప్రభావం ఉంటుంది. పైగా విషయం బయటపడితే ఇక మీ చేతి అన్నం కూడా నమ్మడు.

పెళ్లి చేస్తే బాధ్యత తెలిసి మారతాడంటున్నారు మా పెద్దవాళ్లు.

పెళ్లితో వ్యసనం తగ్గదు, ఇంకో మనిషి ఇరుక్కుంటుంది. ముందు వైద్యం చేయించండి, కనీసం ఏడాది నిలబడనివ్వండి.

వ్యాన్ తెచ్చి మనిషిని ఎత్తుకెళ్లే సెంటర్లు ఉన్నాయట. పంపించమంటారా?

మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక సమస్యలన్నీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. దాని ప్రకారం, చేరే మనిషి ఒప్పుకుని చేరడమే మామూలు పద్ధతి. తనకో, ఇతరులకో ప్రమాదం తెచ్చే స్థితిలో ఉండి, ఒప్పుకోలేని పరిస్థితి అయితే నామినేటెడ్ ప్రతినిధి, అంటే సాధారణంగా దగ్గరి బంధువు, దరఖాస్తు పెట్టాలి. ఒక సైకియాట్రిస్టు, మరో నిపుణుడు విడివిడిగా చూసి ఒప్పుకోవాలి. అలా చేర్చినా మొదట 30 రోజులకు మించి ఉంచకూడదు. గొలుసులతో కట్టడం, ఒంటరి గదిలో బంధించడం చట్టవిరుద్ధం. కుటుంబం సంతకం పెట్టినా అది చట్టబద్ధం కాదు.

ఎవరూ పరీక్షించకుండా రాత్రిపూట నలుగురొచ్చి చేతులు కట్టి తీసుకెళ్తామంటే అది వైద్యం కాదు. అలా వెళ్లొచ్చినవాళ్లలో కొందరు ఆ కోపం ఇంట్లోవాళ్ల మీద ఏళ్ల తరబడి పెట్టుకుంటారు.

డ్రగ్స్ అని ఆస్పత్రిలో చెబితే పోలీసు కేసు అవుతుందేమో?

వైద్యానికి వచ్చిన మనిషి చెప్పిన మాటను డాక్టర్లు గోప్యంగా ఉంచాలి. డ్రగ్స్ వాడటం ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల చట్టం), 1985 కింద నేరమే. అయితే అదే చట్టంలోని 64ఏ సెక్షన్ ఒక దారి ఇచ్చింది. వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకో కేసున్న వ్యక్తి తనంతట తానుగా ప్రభుత్వ ఆస్పత్రిలోనో గుర్తింపు ఉన్న సంస్థలోనో వైద్యం తీసుకుంటే ఆ కేసులో శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మిన కేసైతే ఇది వర్తించదు, వెంటనే లాయరును కలవండి.

## మానే మొదటి వారం

ఈ రోజు నుంచే మానేస్తానన్నాడు. ఇంట్లోనే గదిలో ఉంచి చూసుకోమా?

రోజూ తాగే మనిషి విషయంలో ఈ ఒక్క పని చేయకండి. ఆఖరి పెగ్గు తర్వాత ఆరేడు గంటలకు వణుకు, చెమట, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కొందరికి మతి చలిస్తుంది. ఉన్నచోటు, ఉన్నవాళ్లు గుర్తుపట్టలేకపోవడం, దుప్పటి మీద లేని చీమల్ని వేళ్లతో ఏరుతుండటం, గోడ మీద మనుషులు కనిపిస్తున్నారని అరవడం. దయ్యం పట్టిందని మంత్రగాడిని పిలిచిన ఇళ్లు ఉన్నాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే చనిపోతారు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రికి జనం పోటెత్తింది ఇలాంటి లక్షణాలతోనే.

డాక్టరు దగ్గరైతే క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటి మాత్రలు మొదలుపెట్టి, రోజురోజుకీ తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. ఆరోగ్యం బాగుండి, ఇంతకుముందు ఫిట్స్ రాకుండా ఉండి, తోడు మనిషి ఉంటే ఇంటి నుంచే చేయించే వీలుంది. అది డాక్టరు తేల్చాలి. ఒకవేళ ఈ రాత్రికి ఆస్పత్రికి పోలేని పరిస్థితి ఉంటే, బలవంతంగా ఒక్కసారే ఆపించకండి.

నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీ గారు గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తానంటున్నారు.

ముందు బి1 విటమిన్, అంటే థయమిన్ ఇంజెక్షన్ ఇచ్చాకే గ్లూకోజ్ ఎక్కించాలి. తిండి మానేసి తాగేవాళ్లలో బి1 అడుగంటి ఉంటుంది. ఆ స్థితిలో ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నడక తూలడం, చూపు రెండుగా కనపడటం, మతిమరుపు దాని గుర్తులు. ఏ ఆస్పత్రికి వెళ్లినా క్యాజువాలిటీలో మొదటి మాటగా ‘రోజూ తాగుతాడు, ఆఖరుసారి ఫలానా టైముకు తాగాడు’ అని చెప్పండి. సిగ్గుపడి దాచి, జ్వరమనో నీరసమనో చెప్పి చేర్పించడం చాలా ఇళ్లలో జరుగుతుంది. రెండో రోజు వార్డులో ఫిట్స్ వచ్చేదాకా అసలు సంగతి ఎవరికీ తెలియదు.

ఎక్కడికి తీసుకెళ్లాలి? మాకు పెద్దగా స్తోమత లేదు.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఇవి కాక ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలూ జిల్లాల్లో ఉన్నాయి. మీకు దగ్గర్లో ఏముందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు. అది డ్రగ్స్, మద్యం మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్. దిగులు, ఆత్మహత్య ఆలోచనలు, ఇంట్లో గొడవల గురించైతే 14416 టెలీ మానస్. తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు.

ప్రైవేటు సెంటర్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?

రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. సైకియాట్రిస్టు వారంలో ఎన్ని రోజులు, ఏ టైములో వస్తారో అడగండి, ఆ టైముకు వెళ్లి చూడండి. మొదటి వారం రాత్రిళ్లు నర్సు ఉంటారా? ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి పంపుతారు? ఇంట్లోవాళ్లతో ఫోన్‌లో మాట్లాడనిస్తారా? నెలకు ఎంతో, మందులు, టెస్టులు అందులో కలిపేనా అన్నది కాగితం మీద రాయించుకోండి. ‘నూటికి నూరు శాతం గ్యారంటీ’ అన్న బోర్డు కనిపిస్తే అటే వెనక్కి రండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

మానసిక జబ్బులకు పాలసీలు వర్తించాలని 2017 చట్టం చెబుతున్నా, మద్యం, డ్రగ్స్ వ్యసనానికి చేసే చికిత్సను చాలా పాలసీలు మినహాయింపుల్లో పెడతాయి. చేర్చేముందే పాలసీ కాగితంలో ఆ పేజీ చూడండి.

## ఇంటికి వచ్చాక

డిశ్చార్జ్ అయ్యాడు, బాగున్నాడు. ఇంకా మాత్రలెందుకు?

ఆస్పత్రిలో ఒంట్లోని విషం దిగింది, అంతవరకే. తాగాలన్న యావ నెలల తరబడి వస్తూపోతూ ఉంటుంది. దాన్ని తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి రాస్తారు. కిడ్నీలు, లివర్ చూసి ఏది సరిపోతుందో డాక్టరు ఎంచుకుంటారు. డైసల్ఫిరామ్ వాడుతున్నవాళ్లు దగ్గు సిరప్పులు, టానిక్కులు, దశమూలారిష్టం, అశోకారిష్టం లాంటి అరిష్టాలు తాగకూడదు. వాటిలో ఆల్కహాల్ ఉంటుంది.

హెరాయిన్, నొప్పి ఇంజెక్షన్లు వాడినవాళ్లకు నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ ఇస్తారు. ‘ఒక మత్తు పోయి ఇంకో మత్తు’ అని ఇంట్లోవాళ్లే ఆపించేస్తుంటారు. అది పెద్ద పొరపాటు. కొన్నాళ్లు మానిన ఒంటికి పాత డోసు తట్టుకునే శక్తి ఉండదు. మాత్ర ఆపేసి మళ్లీ పాత మోతాదే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోతుంది.

మూడు నెలలు బాగుండి మళ్లీ తాగాడు. డబ్బంతా దండగేనా?

కాదు. షుగర్, బీపీ లాగే ఇదీ తిరగబెట్టే జబ్బు. మొదటి ఏడాదిలో జారిపడేవాళ్లే ఎక్కువ. అదే రోజో మర్నాడో డాక్టరుకు చెబితే చాలాసార్లు అడ్మిషన్ దాకా పోదు. వారం దాచిపెడితేనే మొదటికొస్తుంది. కాబట్టి ఇంట్లో రచ్చ చేసి, మళ్లీ చెప్పుకోలేని పరిస్థితి తేకండి. ‘ఎప్పుడు, ఎవరితో, ఏం జరిగాక’ అని మాత్రం అడగండి. జీతం పడిన సాయంత్రమా, బావ పెళ్లి బారాత్‌లోనా, భార్యతో గొడవయ్యాకా? వచ్చే నెల జాగ్రత్త పడాల్సింది అక్కడే.

బెల్టు షాపులో బాకీ, ఫైనాన్స్ వాళ్ల అప్పు మేమే తీర్చాలా?

తాగుడు నడుస్తుండగా తీరిస్తే కొత్త బాకీకి దారి వేసినట్టే. ఆఫీసుకు ‘జ్వరం’ అని అబద్ధం చెప్పడమూ అంతే. ఇంటి అద్దె, బియ్యం, పిల్లల ఫీజు మాత్రం ముందే పక్కన పెట్టండి. మానాక, ఆయన సంపాదన నుంచే నెలకు కొంత కట్టేలా కూర్చుని లెక్క వేయండి. ఏటీఎం కార్డు మీ దగ్గర పెట్టుకోవడం ఆయన ఒప్పుకుంటేనే పనిచేస్తుంది, లాక్కుంటే దొంగతనం మొదలవుతుంది.

ఏఏ మీటింగులు అంటే ఏమిటి? మతానికి సంబంధించినవా?

ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టింది. ఒకరు స్టాక్ బ్రోకర్, ఇంకొకరు సర్జన్. మనదేశంలో 1957 నుంచి ఉంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మీటింగులు జరుగుతాయి, తెలుగులో కూడా. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. దేవుడి మాట వస్తుంది గానీ ఏ మతమూ కాదు. అందరికీ నప్పకపోవచ్చు. నాలుగైదు సార్లు వెళ్లాక తేల్చుకోమనండి. మాత్రలు మాత్రం మీటింగుల కోసం మానకూడదు. కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ విడిగా ఉంది, తాగే మనిషి వైద్యానికి రాకపోయినా మీరు వెళ్లొచ్చు.

## మీ కోసం

నా వల్లే తాగుతున్నాడని అత్తగారంటారు. నిజంగా నాదేమైనా తప్పుందా?

లేదు. వంశంలో ఉన్న అలవాటు, చిన్న వయసులో మొదలుపెట్టడం, లోపలి దిగులు, చేతికందే దూరంలో షాపు, ఇలా చాలా కలిసి వ్యసనం పుడుతుంది. కూరలో ఉప్పు తక్కువైనందుకు ఎవరూ బానిస కారు. మీకూ నిద్ర పట్టకపోతే, ఏడుపు ఆగకపోతే అదే ఓపీలో మీ పేరు మీదా ఒక చీటీ రాయించుకోండి.

తాగి కొడుతున్నాడు. జబ్బు మనిషి కదా అని ఓర్చుకోవాలా?

ఓర్చుకోవద్దు. జబ్బుకు వైద్యం ఉంది, దెబ్బలకు చట్టం ఉంది, రెండూ ఒకేసారి నడుస్తాయి. ప్రమాదం అనిపించిన క్షణం 112. మహిళల హెల్ప్‌లైన్ 181. జిల్లాల్లో సఖి కేంద్రాల్లో ఉండటానికి చోటు, వైద్యం, న్యాయసాయం ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు మీకుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు ఒక సంచిలో పెట్టి నమ్మకమైన వాళ్లింట్లో ఉంచండి.

పిల్లలకు ఏమని చెప్పాలి?

వాళ్లకు తెలుసు. సీసా మూత చప్పుడు కూడా పట్టేస్తారు. ‘నాన్నకు ఒంట్లో బాగోలేదు, డాక్టరుకు చూపిస్తున్నాం, నీవల్ల కాదు’ అంటే చిన్నవాళ్లకు చాలు. షాపుకు వాళ్లను పంపొద్దు, నాన్న ఎంత తాగాడో చూసి చెప్పమని కాపలా పెట్టొద్దు. ఇంట్లో భయపడే పరిస్థితి ఉంటే పిల్లలే 1098కి ఫోన్ చేయొచ్చు, ఆ నంబరు వాళ్లకు నేర్పండి.

తాగేది మా అక్క. బయట తెలిస్తే పరువు పోతుందని ఇంట్లో దాస్తున్నారు.

ఆడవాళ్ల విషయంలో వైద్యం ఆలస్యమయ్యేది ఇందుకే. ఒంట్లో నీటి శాతం తక్కువ కావడంతో అంతే మోతాదు ఆడవాళ్లకు ఎక్కువ చేటు చేస్తుంది, లివర్ త్వరగా పాడవుతుంది. గర్భం ఉంటే బిడ్డకూ ముప్పు. చాలా సెంటర్లు మగవాళ్లకే ఉంటాయి కాబట్టి ప్రభుత్వ ఆస్పత్రి సైకియాట్రీ వార్డో, జనరల్ ఆస్పత్రిలో సైకియాట్రిస్టో సులువు. ఇంటి నుంచే వచ్చిపోతూ చేయించుకునే వీలుందేమో మొదటి రోజే అడగండి.

ఏడాదిన్నరగా తాగడం లేదు. ఇప్పుడు పెళ్లి సంబంధం వచ్చింది, అవతలివాళ్లకు చెప్పాలా?

చెప్పాలి. పెద్దల సభలో కాదు, అబ్బాయి అమ్మాయితో విడిగా కూర్చుని తానే చెప్పాలి. ఎప్పుడు మానాడు, ఇంకా ఏ మాత్రలు వాడుతున్నాడు, మళ్లీ జారితే ఏ డాక్టరు దగ్గరికి వెళ్తాడు. ఆమె డాక్టరును కలుస్తానంటే తీసుకెళ్లండి. కాదంటే ఆ సంబంధం అక్కడితో వదిలేయండి.